వేగంగా మారే ఏపీఐలు, కమ్యూనిటీ లైబ్రరీలు: అపోహలు - వాస్తవాలు

ఒక ఆన్‌లైన్ సేవతో మన ప్రోగ్రాం మాట్లాడే దారి ఏపీఐ. ఆ పనిని సులువు చేసే సిద్ధంగా ఉన్న కోడ్ లైబ్రరీ. ఆ సేవను నడిపే సంస్థ కాకుండా బయటివారు రాసిన లైబ్రరీని కమ్యూనిటీ లైబ్రరీ అంటారు.

అపోహ: లైబ్రరీ వెర్షన్‌ను లాక్ చేశాం కనుక ఇక ఏదీ మారదు.

వాస్తవం: లాక్ ఫైలు (ఏ లైబ్రరీ ఏ వెర్షన్ వాడాలో రాసి ఉంచే ఫైలు) మన దగ్గరున్న కోడ్‌ను మాత్రమే స్థిరంగా ఉంచుతుంది, అవతలి సర్వర్ మీద దానికి ఏ అదుపూ లేదు. ఉదాహరణకు, ఆర్డర్ స్థితిని తెలిపే ఫీల్డులో ఇంతకాలం పెండింగ్, పెయిడ్, ఫెయిల్డ్ అనే మూడు విలువలే వస్తున్నాయనుకుందాం. లైబ్రరీ రాసినవారు ఆ మూడింటితోనే ఈనమ్ (అనుమతించే విలువల జాబితా) కట్టేస్తారు. ఒకరోజు ఏపీఐ ఆన్‌హోల్డ్ అనే నాలుగో విలువను పంపడం మొదలుపెడుతుంది. ఏపీఐ నడిపేవారిలో చాలామంది దీన్ని పాత కోడ్‌కు ఇబ్బంది కలిగించే మార్పుగా లెక్కించరు కనుక ఏపీఐ వెర్షన్ నంబరు మారదు. లైబ్రరీ మాత్రం ఆ కొత్త విలువను గుర్తించలేక రెస్పాన్స్ (సర్వర్ పంపిన జవాబు) మొత్తాన్నీ తిరస్కరించవచ్చు. అప్పుడు 100 ఆర్డర్ల జాబితాలో ఒక్కదాని వల్ల మిగిలిన 99 కూడా మనకు అందవు. అందుకే ఏ లైబ్రరీని పరిశీలించినా, తెలియని విలువ ఎదురైతే అది ఏం చేస్తుందో నేను మొట్టమొదట చూస్తాను.

అపోహ: కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఇన్ని స్టార్లు (మెచ్చినవారు పెట్టే గుర్తులు) ఉన్న ప్రాజెక్టు ఆగిపోదు.

వాస్తవం: చాట్ సేవ డిస్కార్డ్‌లో బాట్లు (తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు) రాయడానికి ఎంతో పేరున్న డిస్కార్డ్.పై లైబ్రరీ అభివృద్ధిని ఆపేస్తున్నట్టు దాని నిర్వాహకుడు 2021 ఆగస్టులో ప్రకటించారు. పని 2022 మార్చిలో మళ్లీ మొదలైంది గానీ, ఈలోగా నెక్స్ట్‌కార్డ్, డిస్నేక్ వంటి ఫోర్కులు (అదే కోడ్ నకలుతో వేరుగా నడిచే ప్రాజెక్టులు) పుట్టుకొచ్చి వాడుకరులు చెదిరిపోయారు. స్టార్లు ఆదరణను చెబుతాయే తప్ప, కొత్త వెర్షన్‌ను విడుదల చేసే హక్కు ఎందరి చేతిలో ఉందో, ఏపీఐ మారాక లైబ్రరీ సర్దుకోవడానికి ఎంతకాలం పడుతోందో చెప్పవు. ఆ రెండూ పాత విడుదలల చరిత్ర చదివితేనే తెలుస్తాయి, ఆ చదువుకు వెచ్చించిన సమయం వృథా పోదు.

అపోహ: అధికారిక లైబ్రరీ వాడితే ఈ బెడద ఉండదు.

వాస్తవం: ఓపెన్‌ఏఐ సొంత పైథాన్ లైబ్రరీయే 2023 నవంబరులో 1.0కు మారినప్పుడు లైబ్రరీని పిలిచే కాల్స్ రాసే పద్ధతి మారి, పాత కోడ్‌ను సవరించుకోవలసి వచ్చింది. లైబ్రరీ ఎవరిదైనా, దాన్ని నేరుగా పిలిచే కోడ్‌ను ఒకే మాడ్యూల్‌లో (కోడ్ భాగంలో) ఉంచితే సవరణ అక్కడితో ఆగుతుంది.

అపోహ: లోపం తెలియజేస్తే సరిచేయడం నిర్వాహకుల బాధ్యత.

వాస్తవం: ఎంఐటీ వంటి ఓపెన్ సోర్స్ లైసెన్సులు (కోడ్ వాడుకునే షరతులు) ఏ హామీ లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నామనే స్పష్టంగా చెబుతాయి. చాలామంది నిర్వాహకులు తీరిక వేళల్లో, జీతం లేకుండా ఈ పని చేస్తున్నారు. కనుక "పనిచేయడం లేదు" అని రాసి వదిలేయకుండా, సర్వర్ పంపిన అసలు రెస్పాన్స్‌ను టోకెన్లు (రహస్య ప్రవేశ సంకేతాలు), వ్యక్తిగత వివరాలు తీసేసి జతచేయండి. వీలైతే దాన్నే ఒక టెస్టుగా రాసి పంపండి.