వల ఎన్నిసార్లు విసరాలి?

కావలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి పెద్ద సందేశమే పంపాడు. రెండేళ్లుగా చదరంగం ఆడే ప్రోగ్రాం సొంతంగా రాసుకుంటున్నాడట. పోయిన వారం అందులో చిన్న మార్పు చేశాడు. బంట్లేవీ అడ్డులేని నిలువు వరుసలో ఏనుగు నిలబడితే ప్రోగ్రాం ఆ అమరికకు ఇదివరకటి కంటే కొన్ని మార్కులు ఎక్కువ వేస్తుంది. పాతదానికీ కొత్తదానికీ 20 ఆటల పోటీ పెడితే కొత్తది 12–8తో గెలిచింది. "సర్, ఈ మార్పును ఇక ఖాయం చేసుకోవచ్చా?" అని అడిగాడు.

వద్దు నాయనా. రెండు ప్రోగ్రాములూ అచ్చంగా సమానమైనవే అయినా, ఆరుసార్లు పోటీ పెడితే సుమారు ఒకసారి కొత్తది అంత తేడాతోనో అంతకు మించో గెలుస్తుంది. పాచిక వేస్తే ఆరు పడినంత మామూలు సంగతి. పాచికలో ఆరు పడిందని దాన్ని మెరుగైన పాచిక అనుకోము కదా.

ప్రోగ్రాం ఎత్తులను ఎలా వెతుకుతుంది, ఏ కొమ్మను ఎక్కడ నరికేస్తుంది అనేవి నేను ఎత్తుకోను. 1950లో క్లాడ్ షానన్ వ్యాసం వచ్చినప్పటి నుంచి దాని గురించి రాసినవాళ్లకు కొదవ లేదు. నన్ను పట్టి పీడించేది రాసిన తర్వాతి సంగతి. మెరుగైందో లేదో ఎలా తెలుస్తుంది?

అసలు కంప్యూటర్‌కు ఆట నియమాలు తెలుసో లేదో తేల్చడం మాత్రం చాలా సులువు. మొదటి అమరిక నుంచి మొదలుపెట్టి, సాధ్యమైన ఎత్తుల వరసలన్నీ లెక్కపెట్టించాలి. ఒక ఎత్తుకు 20, రెండెత్తులకు 400, మూడింటికి 8,902, నాలుగింటికి 1,97,281, ఐదింటికి 48,65,609. ఒక్క అంకె తేడా వచ్చినా ఎక్కడో తప్పు ఉన్నట్టే. నా ప్రోగ్రాం పేరు పినాకిని. దానికి నాలుగెత్తుల దాకా అన్నీ సరిపోయాయి, ఐదో దగ్గర 48,65,351 వచ్చింది. సరిగ్గా 258 తక్కువ! నేను చదరంగం నేర్చుకున్నది అరుగు మీద, మా తాతయ్య దగ్గర. ఆ నాటు ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. ప్రోగ్రాంలో బంటు రెండు గళ్లు దూకడం రాశాను గాని, అలా దూకి పక్కకు వచ్చిన బంటును పొరుగు బంటు చంపవచ్చనే నియమం మరిచాను. దాన్నే ఎన్ పాసెంట్ అంటారు. అలాంటి చంపుడు మొట్టమొదట సాధ్యమయ్యేది ఐదో ఎత్తులోనే, అవి సరిగ్గా 258. తప్పు ఇంత మర్యాదగా తన చిరునామా చెప్పడం నా జీవితంలో మరెక్కడా చూడలేదు.

బలం విషయంలో ఆ సుఖం లేదు. అక్కడ నాకు దారి చూపింది రొయ్యలు.

మా బావమరిదికి అల్లూరు వైపు రెండు వెనామీ రకం రొయ్యల గుంటలున్నాయి. మా జిల్లాలో కౌంట్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను: కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. 50 కౌంట్ అంటే ఒక్కోటి సగటున 20 గ్రాములు. కొనేవాడు ధర కట్టేది ఆ అంకె చూసే. గుంటలోని లక్షల రొయ్యల్నీ తూచలేరు కాబట్టి విసురు వల వేసి, పడినవాటిని తూచి, లెక్కపెట్టి, కౌంట్ తేలుస్తారు.

ఒక గుంటకు పాత మేత, రెండో గుంటకు కొత్త మేత వేశాడనుకుందాం. కొత్త మేతతో రొయ్య నిజంగానే 20 గ్రాములకు బదులు 20.2 గ్రాములు పెరుగుతుంది. ఒక్క శాతం లాభం, గుంట మొత్తం మీద చిన్న మొత్తమేమీ కాదు. వలకు వంద రొయ్యలు పడ్డాయి. రొయ్యకూ రొయ్యకూ బరువు ఓ 3 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. అలాంటప్పుడు వంద రొయ్యల సగటు ఎంత ఊగుతుంది? 3ను 100 వర్గమూలంతో, అంటే 10తో భాగించాలి. 0.3 గ్రాములు. మనం వెతుకుతున్న తేడా 0.2. ఊగులాటే తేడా కంటే పెద్దది! ఒక్క వలతో "కొత్త మేత బాగుంది" అన్నా "పాతదే నయం" అన్నా, రెండూ గాలిలో మాటలే. రెండు గుంటల ఊగులాటా కలిస్తే పరిస్థితి ఇంకా అన్యాయం. ఊగులాట సగం కావాలంటే రెట్టింపు రొయ్యలు చాలవు, నాలుగు రెట్లు తూచాలి. పదో వంతు కావాలంటే వంద రెట్లు. ఈ వర్గమూలం దయాదాక్షిణ్యాలు లేనిది.

ఇప్పుడు రొయ్య స్థానంలో ఆటను పెట్టండి. గెలిస్తే 1, డ్రా అయితే అర, ఓడితే 0. మూడోవంతు ఆటలు డ్రా అయితే ఒక్కో ఆట ఊగులాట సుమారు 0.41 పాయింట్లు. బలాన్ని కొలిచేది అర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడి పద్ధతిలో. దాని ప్రకారం 400 పాయింట్లు పైనున్నవాడు పది ఆటలు గెలిస్తే ఒకటి ఓడతాడు. సమానుల దగ్గర ఒక శాతం మార్కులకు విలువ దాదాపు 7 ఎలో. ఇవన్నీ కలిపి, నూటికి 95 పాళ్ల నమ్మకంతో లెక్క కడితే: 100 ఆటలకు పొరపాటు అటూ ఇటూ 56 ఎలో పాయింట్లు. 400 ఆటలకు 28. 1,600కు 14. 6,400కు 7. 25,600 ఆటలు ఆడిస్తే మూడున్నర.

ఆ కుర్రాడు చేసినలాంటి చిన్న మార్పు వల్ల వచ్చే లాభం ఎంత? బాగా కుదిరితే 5 పాయింట్లు. అంటే వందకు 50 బదులు 50.7 మార్కులు. ఎదురుగా కూర్చుని వెయ్యి ఆటలు చూసినా ఏ గ్రాండ్‌మాస్టర్ కంటికీ ఆనని తేడా అది. అయినా బలమైన ప్రోగ్రాములన్నీ ఎదిగింది ఇలాంటి ఐదేసి పాయింట్లను పోగేసుకునే. ఆటకు చెరో 10 సెకన్లు, ఎత్తుకు పదోవంతు సెకను అదనం ఇస్తే, ఆట అరనిమిషంలో ముగుస్తుంది. నా కంప్యూటర్ ఒకేసారి నాలుగు ఆటలు నడుపుతుంది, అంటే గంటకు 480. 25,600 ఆటలకు రెండు రోజులకు పైనే. రోహిణి కార్తెలో అయితే ఫ్యాను దాని వైపు తిప్పి నేను చెమటలో పడుకుంటాను.

లెక్క ఎంత పెద్దదైనా, వల ఒకే చోట విసిరితే ప్రయోజనం లేదు. మేత పడే చోట విసిరితే ఒకరకం, గట్టు వార విసిరితే మరోరకం. చదరంగంలోనూ ఈ బోల్తా ఉంది. ప్రోగ్రాములకు మనసు మారదు. మొదటి అమరిక నుంచే ఆడిస్తే ఇంచుమించు అదే ఆట మళ్లీ మళ్లీ వస్తుంది. వెయ్యి ఆటలు ఆడించామనుకుంటాం, నిజానికి రెండు ఆటలను అయిదేసి వందల సార్లు చూసి ఉంటాం. అందుకే ముందుగా వేర్వేరు ప్రారంభాలను వేలకొద్దీ సిద్ధం చేసుకుని, ఒక్కో ప్రారంభాన్ని రంగులు మార్చి రెండుసార్లు ఆడించాలి. తెల్లపావుల అనుకూలత అప్పుడు ఇద్దరికీ సమానంగా దక్కుతుంది.

ఇంకో రోగం ఉంది, అది నాది. పోటీ నడుస్తుండగా గంటకోసారి తొంగిచూసి, కొత్తది ముందున్న క్షణాన ఆపేయడం. సమానమైన రెండు ప్రోగ్రాములకు తగినంతసేపు కాపలా కాస్తే ఏదో ఒక క్షణాన ఒకటి బ్రహ్మాండంగా ముందున్నట్టు కనబడుతుంది. ఆ క్షణం కోసం కాచుకుని ఉండటం పరీక్ష కాదు, ముహూర్తం పెట్టుకోవడం. మా బావమరిది ఏరేటర్ మోటారుకు నిమ్మకాయలు కట్టిన ఏడాది పంట బాగా వచ్చింది. అప్పటి నుంచి కడుతూనే ఉన్నాడు. కట్టని గుంటను పక్కన పెట్టి చూద్దామంటే ఒప్పుకోడు. నవ్వకండి. నేను తెర వైపు చూడకపోతే పినాకిని బాగా ఆడుతుందని ఓ నెలపాటు నేనూ నమ్మాను. ఇరవై ఏళ్లు సంభావ్యత పాఠం చెప్పినవాణ్ణి! మేం పంతుళ్లం తరగతిలో నాణేలు ఎగరేయిస్తాం గాని, ఒక్క నాణెం మీద పిల్లవాడి ఆశ కట్టి ఎగరేయించం. ఆశ లేనిచోట ఎవరైనా నిజాయతీపరులే.

తొంగిచూస్తూనే మోసపోకుండా ఉండే ఉపాయం రెండో ప్రపంచయుద్ధ కాలంలో అబ్రహాం వాల్డ్ కనిపెట్టాడు. ఎన్ని ఆటలని ముందే గిరి గీయనక్కరలేదు. రెండు వాదాలు ఎదురెదురుగా పెట్టండి: "లాభం సున్నా", "లాభం 5 పాయింట్లు". ప్రతి ఆట తర్వాతా ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలు ఏ వాదంలో ఎన్ని రెట్లు సహజమో చూసి, ఆ నిష్పత్తి సంవర్గమానాన్ని (లాగరిథమ్‌ను) కూడుతూ పోవాలి. +2.94 తాకితే మార్పును ఉంచుకోండి, −2.94 తాకితే చెరిపేయండి, మధ్యలో ఉంటే ఇంకో ఆట. 2.94 ఆకాశం నుంచి ఊడిపడలేదు, అది 19కి సహజ సంవర్గమానం. ఐదు శాతం పొరపాటుకు ఒప్పుకున్నాం కనుక 95ను 5తో భాగిస్తే 19. ఒక్క గెలుపు ఇందులో చేర్చేది సుమారు 0.02 మాత్రమే, ఓటమి తీసేదీ అంతే. తమాషా ఏమిటంటే డ్రా కూడా కనబడీ కనబడనంత తగ్గిస్తుంది. సమానంగా ఆడటం "నేను మెరుగు" అన్న వాదానికి కొంచెమైనా ఎదురు సాక్ష్యమే మరి. దీని అందం చెడ్డ మార్పుల దగ్గర తెలుస్తుంది. 50 పాయింట్లు దిగజార్చే మార్పును సగటున వెయ్యి ఆటల లోపే గెంటేస్తుంది. స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాం తయారీదార్లు 2013 నుంచి ఔత్సాహికుల కంప్యూటర్లను కలిపి ప్రతి మార్పునూ ఈ తక్కెడలోనే తూస్తున్నారు.

ఆ కావలి కుర్రాడి మార్పును పినాకినిలోనూ పెట్టి ఆదివారం నుంచి ఆడిస్తున్నాను. నిన్న రాత్రి బావమరిది వచ్చి తెర మీదికి వంగి చూశాడు.

"ఎన్ని ఆటలయ్యాయి బావా?"

"9,300. ముల్లు 0.8 దగ్గరే ఊగుతోంది."

"నేను మూడు వలలు వేశాను. ఒకసారి 52 వచ్చింది, ఒకసారి 47, ఒకసారి 50."

"ఇంకో పది వలలు వెయ్యరాదూ?"

"ధర పడిపోతోంది బావా. రేపు తెల్లవారుజామునే పట్టుబడి" అని చెప్పులు వేసుకున్నాడు.