కందిరీగల గురించి మనం నమ్మేవి, అవి నిజంగా చేసేవి

కీటకాల మీద పనిచేస్తానని తెలిసినవాళ్లు ఏదో ఒకరోజు అడుగుతారు: "ఇంతకీ ఈ కందిరీగల వల్ల ఉపయోగం ఏంటండీ, కుట్టడం తప్ప?" తేనెటీగ గురించి ఎవరూ ఇలా అడగరు. కందిరీగ బతుకంతా పిల్లలకు తిండి చూడడంతోనే సరిపోతుంది. ఆ పనిలో ఎక్కువ భాగం మన కంటికి కనపడనిచోట జరుగుతుంది కాబట్టి, మిగతాది మనం ఊహించేసుకున్నాం.

అపోహ: కందిరీగ పురుగును గూట్లో పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరిగి దాన్నీ కందిరీగగా మార్చేస్తుంది.

భ్రమరకీటక న్యాయం అని పెద్దలు చెప్పేది ఇదే. కంటికి కనిపించినంతవరకు ఇందులో అబద్ధం లేదు. పురుగు లోపలికి వెళ్లింది, గూడు మూసుకుంది, కొన్నాళ్లకు కందిరీగ బయటికొచ్చింది. అసలు కథ మట్టి గోడ వెనక నడిచింది. తల్లి కందిరీగ గొంగళి పురుగును కుట్టి కదలకుండా చేస్తుంది, కానీ చంపదు. చచ్చిపోతే కుళ్లిపోతుంది, పిల్లకు పనికిరాదు. గూట్లో గుడ్డు కూడా పెట్టి మట్టితో మూసేసి తన దారిన పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తాజాగా తింటూ పెరిగి, ప్యూపా దశ దాటి, గోడకు కన్నం చేసుకుని బయటపడుతుంది. కొన్ని రకాలు గొంగళి పురుగులనే తెస్తాయి, కొన్ని సాలీళ్లనే. ఇక ఆ ఝుంకారం అంటారా, కొన్ని రకాలు మట్టి అద్దేటప్పుడు ఒంటిని కంపింపజేస్తాయి, అదే మనకు వినిపించేది.

నన్ను అడిగితే నిజం ఆ కథ కంటే వింతగా ఉంటుంది. మరకతంలా మెరిసే ఒక కందిరీగ ఉంది, శాస్త్రీయ నామం ఆంప్యులెక్స్ కంప్రెస్సా. ఇది బొద్దింకను రెండుసార్లు కుడుతుంది. మొదటి పోటుతో ముందుకాళ్లు కాసేపు పడిపోతాయి. రెండోది సరిగ్గా మెదడులోకి. ఆ తర్వాత బొద్దింక నడవగలదు, కానీ తనంతట తాను నడవాలన్న ఆలోచనే రాదు. కందిరీగ దాని మీసం పట్టుకుని బొరియలోకి నడిపించుకుపోతుంది, కాలి మీద గుడ్డు పెడుతుంది, ద్వారం మూసేస్తుంది.

అపోహ: కందిరీగలన్నీ కుడతాయి.

గుడ్లు పెట్టే గొట్టమే కాలక్రమంలో ముల్లుగా మారింది. కాబట్టి మగవాటికి ముల్లు ఉండే ప్రశ్నే లేదు. ఆడవాటిలోనూ మన జోలికి వచ్చేవి కొన్నే. ఇప్పటివరకు పేరు పెట్టిన కందిరీగ జాతులు లక్షకు పైనే, వాటిలో అత్యధికం ఒంటరిగా బతికేవి. మనం భయపడే గుంపు కందిరీగలు సుమారు వెయ్యి జాతులు. మిగతావాటిలో చాలా భాగం కంటికి ఆనవు కూడా. రైతులకు తెలిసిన ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు ఉంటుంది, చిలకపురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. దానికంటే చిన్నవీ ఉన్నాయి: ఒక జాతి మగ కందిరీగ పొడవు 0.139 మిల్లీమీటర్లు.

అపోహ: పగబట్టి వెంటాడుతుంది.

పగ ఏమీ లేదు, గూటి కాపలా ఉంది. గుంపుగా ఉండే చాలా రకాల్లో విషంతోపాటే హెచ్చరిక వాసన కూడా వెలువడుతుంది. గూడు దగ్గర ఒకదాన్ని నలిపితే మిగతావాటికి కబురు అందినట్టే. చేతులు ఊపకుండా, వేగంగా అక్కడినుంచి దూరం వెళ్లిపోవడమే మంచిది. పువ్వు మీద ఒంటరిగా వాలినదానికి మీతో పనిలేదు.

గూడు తీసేశాక కూడా అదే చోట తిరుగుతుంటే చాలామంది దాన్ని పగ అనుకుంటారు. అది జ్ఞాపకం. జంతువుల ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గెన్ నేలలో గూడు తవ్వుకునే ఒక కందిరీగ ద్వారం చుట్టూ పైన్ కాయలు పేర్చి, అది వేటకు వెళ్లాక ఆ వలయాన్ని పక్కకు జరిపాడు. తిరిగొచ్చిన కందిరీగ గూడును వదిలేసి కాయల మధ్యలోనే వెతుక్కుంది. దారి గుర్తులతోనే ఇల్లు చేరుతుందని అలా తేలింది.

అపోహ: రాణి ఆజ్ఞాపిస్తుంది, మిగతావి పాటిస్తాయి.

కొన్ని జాతుల్లో రాణి కొట్లాటతోనే పెత్తనం నిలబెట్టుకుంటుంది. కానీ శాస్త్రవేత్త రాఘవేంద్ర గదగ్‌కర్ ఏళ్లతరబడి పరిశీలించిన రోపాలిడియా మార్జినాటా అనే గుంపు కందిరీగలో రాణి చాలా నెమ్మది, చూసి గుర్తుపట్టడం కష్టం. రాణిని తీసేస్తే మాత్రం ఒక కూలి కందిరీగ ఉన్నట్టుండి విపరీతంగా దూకుడు చూపిస్తుంది, మిగతావి దానికి ఎదురు చెప్పవు. కొన్నాళ్లకు అదే రాణి అవుతుంది, దూకుడూ తగ్గిపోతుంది.

అపోహ: వీటివల్ల ప్రయోజనం లేదు.

గుంపు కందిరీగ గొంగళి పురుగును పట్టి, నమిలి, పిల్లలకే పెడుతుంది. తన నడుము సన్నం, గట్టి తిండి దిగదు. మకరందం, పిల్లల నోట్లోంచి వచ్చే ద్రవం దానికి ఆహారం. మేడిపండు పొట్ట విప్పితే కనిపించే పురుగుల్లో పరాగ సంపర్కం చేసే చిన్న కందిరీగలూ ఉంటాయి. అవి లేకపోతే మేడికి గింజ కట్టదు. ఆఫ్రికాలో కర్రపెండలాన్ని పిండినల్లి నాశనం చేస్తుంటే, పరాగ్వే నుంచి తెచ్చిన ఒక చిన్న కందిరీగను 1981 నుంచి వదిలి అదుపు చేశారు. ఆ కృషికి కీటక శాస్త్రవేత్త హాన్స్ హెరెన్‌కు 1995లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది.



 

అపోహ: కందిరీగ విషం క్షారం, కాబట్టి వెనిగర్ పూస్తే విరిగిపోతుంది.

విషం చర్మం లోపలికి వెళ్లింది, మీరు పూసేది పైన. పైగా ఆ విషంలో బాధ పెట్టేవి ప్రొటీన్లు, పెప్టైడ్లు వంటివి. సబ్బుతో కడిగి ఐస్ పెట్టండి. ఊపిరి అందకపోయినా, గొంతు, నాలుక వాచినా, కళ్లు తిరిగినా అది అలర్జీ. అప్పుడు చిట్కాలతో టైమ్ పోగొట్టకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. నోట్లోగాని గొంతులోగాని కుట్టినా అంతే.