చిన్న పీపాలో చెక్కకు తొందరెక్కువ

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా పన్ను లేకుండా సొంతానికి కాచుకోవచ్చు, అమ్మకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు కేసే. కాబట్టి అనంతపురంలో చేసి చూడమని ఇది రాయడం లేదు. కానీ ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాలో బీరు మాగడమనేది కెమిస్ట్రీ పాఠం చెప్పేవాడికి వదలబుద్ధి కాని విషయం. చెక్క, వేడి, ఆక్సిజన్, సూక్ష్మజీవులు ఒకే చోట చేరి దేని పని అది చేసుకుపోతుంటాయి.

అక్కడే స్థిరపడిన మా అక్క కొడుకు పోయినేడు ఐదు లీటర్ల ఓక్ పీపా కొన్నాడు. 10 శాతం ఆల్కహాల్ ఉండే స్టౌట్ అనే నల్ల బీరు కాచి అందులో పోశాడు. "పెద్ద పీపాలో ఏడాది పట్టేది దీంట్లో నెలకే అయిపోతాది మామా" అన్నాడు ఫోన్లో. చాలామంది నమ్మే మాటే ఇది. ఇందులో సగం నిజం.

ఆ సగం లెక్కల్లో ఉంది. అమెరికా బర్బన్ విస్కీకి వాడే మామూలు పీపా సుమారు 200 లీటర్లు పడుతుంది. దాని పొడవూ వెడల్పూ సగానికి తగ్గిస్తే పట్టేది 100 లీటర్లు కాదు, 25 లీటర్లే. లోపలి చెక్క మాత్రం నాలుగో వంతు మిగులుతుంది. బీరు ఎనిమిదో వంతుకు పడిపోయి చెక్క నాలుగో వంతుకే తగ్గింది కాబట్టి ఒక్కో లీటరుకు తగిలే చెక్క రెట్టింపు అవుతుంది. ఐదు లీటర్ల పీపాలో అయితే దాదాపు 3.4 రెట్లు. అందుకే చెక్కలోంచి రావలసినవి అంత వేగంగా బీరులోకి దిగిపోతాయి.

ఏం దిగుతాయి? పీపా తయారుచేసేటప్పుడు లోపలి వైపు మంట మీద కాలుస్తారు. ఆ వేడికి చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది, ఐస్‌క్రీముల్లో వాసనొచ్చేది అదే. పొగ వాసననిచ్చే గయాకాల్ కూడా అక్కడిదే. చెక్కలోనే ఉండే, చక్కెరల గొలుసులాంటి హెమిసెల్యులోజ్ కాలి చక్కెర మాడిన రుచినిస్తుంది. లవంగాల్లో ఉండే యూజెనాల్ ఓక్ చెక్కలోనూ కొంచెం ఉంటుంది. అమెరికన్ తెల్ల ఓక్‌లో లాక్టోన్లు ఎక్కువ, వాటిది కొబ్బరి వాసన. వీటితోపాటు టానిన్లు, అంటే వగరు.

ఆ వగరును కళ్లతో చూడొచ్చు. అల్లుడు ఊరికొచ్చినప్పుడు కాల్చని ఓక్ ముక్కలు కొన్ని తెచ్చాడు. కాలేజీ ల్యాబులో మూడు బీకర్లు పెట్టాం. ఒకదాంట్లో ఓక్ ముక్కలు, ఒకదాంట్లో కరక్కాయ పొడి, మూడోదాంట్లో తంగేడు బెరడు వేసి వేడినీళ్లలో నానబెట్టి వడగట్టాం. టానిన్లు తగిలితే రంగు మారే ఫెర్రిక్ క్లోరైడ్ ఒక్కోదాంట్లో రెండేసి చుక్కలు వేస్తే ఓక్ నీళ్లు, కరక్కాయ నీళ్లు రెండూ సిరాలాగా నీలి నలుపుకు తిరిగాయి. తంగేడు మాత్రం ఆకుపచ్చ నలుపు. తోళ్లు ఊనడానికి మన సీమలో తరతరాలుగా వాడిన తంగేడు టానిన్ల కుటుంబం వేరు. ఓక్, కరక్కాయ దగ్గరి చుట్టాలు, రెండింట్లోనూ ఎల్లాజిటానిన్లనే ఒకే రకం టానిన్లు ఉంటాయి. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నవాళ్లకు ఓక్ వగరు గురించి వేరే చెప్పక్కర్లేదు. స్టౌట్ పోసిన మూడు వారాలకే అల్లుడు ఫోన్ చేసి "కట్టె నమిలినట్టుంది మామా" అన్నాడు. అది ఈ వగరే.

ఇక నిజం కాని సగం. మాగడమంటే చెక్క రుచి ఎక్కడం ఒక్కటే కాదు. ఘాటైన బీరులో మొదట హాప్స్ అనే పూల చేదు, ఆల్కహాల్ మంట, కాల్చిన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) కరకుదనం దేనికది విడివిడిగా నాలుకకు తగులుతాయి. నెలలు గడిచేకొద్దీ హాప్స్ చేదునిచ్చే ఐసో ఆల్ఫా ఆమ్లాలు విరిగిపోతాయి. పళ్ల వాసననిచ్చే ఎస్టర్లు కొన్ని విరిగిపోయి కొన్ని కొత్తవి పుడతాయి. నల్ల మాల్ట్‌కు రంగునిచ్చే మెలనాయిడిన్లు కొద్దికొద్దిగా ఆక్సీకరణం చెంది ఎండుద్రాక్ష, ఖర్జూరం లాంటి రుచులు తెస్తాయి. ఈ పనుల్లో చాలావాటికి పీపా ఎంతదన్నది పట్టదు, వాటికి కావలసింది కాలం. చిన్న పీపాలో చెక్క మూడు వారాల్లో తన పని ముగిస్తే, మిగతావి అప్పటికి ఇంకా మొదలే. బీరు పచ్చిగానే ఉంటుంది, చెక్క మాత్రం నెత్తికెక్కి ఉంటుంది.

ఇంకాస్త ఆగుదామంటే ఆక్సిజన్ అడ్డమొస్తుంది. తెల్ల ఓక్ ముక్కను అడ్డంగా కోసి భూతద్దం కింద పెడితే సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. చేవలోని ఆ రంధ్రాల్లో టైలోసులనే పొరలు బుడగల్లా పూడుకుని ఉంటాయి. అవి లేకపోతే పీపా కారుతుంది. ఎర్ర ఓక్‌లో ఇవి దాదాపు ఉండవు, చిన్న ముక్కకు ఒక చివర నోరు పెట్టి ఊదితే రెండో చివర గాలి వస్తుంది. తెల్ల ఓక్ నీళ్లను ఆపుతుంది కానీ ఆక్సిజన్‌ను పూర్తిగా ఆపలేదు. లీటరుకు తగిలే చెక్క పెరిగితే లీటరుకు చేరే ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. పైగా చిన్న పీపా పలకలు పలచన. నల్ల బీరుకు కొంచెం ఆక్సిజన్ మంచిదే. ఎక్కువైతే తడిసిన అట్టపెట్టె రుచి, దానివెనకే అసెటోబాక్టర్. ఆల్కహాల్‌ను వెనిగర్ చేసే ఈ బాక్టీరియాకు 25 నుంచి 30 డిగ్రీల వేడి, చాలినంత గాలి ఉంటే చాలు.

అది దాదాపు మన ఇంటి గది వేడే. ఈత కల్లు సంగతి మనకు తెలిసిందే. పొద్దున తియ్యగా దిగింది మధ్యాహ్నానికి నురగకట్టి, మర్నాటికి పులిసిపోతుంది. ఘాటు బీరు అంత తొందరగా చెడదు. ముందే బాగా మరిగించి ఉంటారు, హాప్స్ ఉంటాయి, ఆల్కహాల్ కల్లు కంటే బాగా ఎక్కువ. అయినా మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో పీపా పెడితే ఇవన్నీ ఎంతకాలం కాపాడగలవు? 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యలు రెండు మూడింతలు వేగమవుతాయని క్లాసులో చెబుతాం. అన్నీ ఒకే లెక్కన వేగమవవు, చిక్కంతా అక్కడే. మనకు కావలసిన ఎండుద్రాక్ష రుచి కంటే ముందు పాచి రుచి వచ్చేయవచ్చు.

మరి ఒకప్పుడు ఇంగ్లండ్ నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి, నెలల తరబడి ఓడలో వచ్చిన బీరు ఎలా తాగగలిగారు? బళ్ళారిలాంటి కంటోన్మెంట్లున్న మద్రాసు ప్రెసిడెన్సీకి బీరు అలాగే పీపాల్లో వచ్చేది. ఓడ వేడికి తొందరగా మాగిందన్నది నిజమే. కానీ 54 గాలన్ల హాగ్స్‌హెడ్ పీపాలో దాదాపు 245 లీటర్లు పడతాయి. అంత బీరుకు తగిలే చెక్క తక్కువ, చేరే గాలీ తక్కువ. పైగా బ్రిటిష్ బీరు తయారీదారులు బాల్టిక్ ప్రాంతపు ఓక్‌ను కోరి తెప్పించుకునేవాళ్లు, అది బీరుకు రుచి పెద్దగా పట్టించదు కాబట్టి. ఈ రోజు మనం కావాలని వెతికే చెక్క వాసన వాళ్లకు లోపం కింద లెక్క. ఆ నిల్వ బీరుకు దాని ప్రత్యేకమైన వాసన ఎక్కడిదని వెతికి, డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసిన క్లాసెన్ 1904లో బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్‌ను బయటపెట్టాడు. మామూలు ఈస్ట్ తినలేని చక్కెరలను కూడా అది నెమ్మదిగా తింటుంది.

మన వాతావరణంలో ఇంకో సంగతి ఉంది. పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. స్కాట్లండ్‌లో విస్కీకి ఇది 2 శాతం దగ్గర ఉంటే, మనకు 200 కిలోమీటర్ల అవతల బెంగళూరులో అమృత్ విస్కీ పీపాలకు 10 శాతం పైమాటే. బెంగళూరు మనకంటే చల్లన. మన గాలి మరీ పొడి, పొడిగాలికి చెక్కలోంచి నీళ్లు తొందరగా పోతాయి. ఎండిన పలకలు ముడుచుకుంటే ఇనుప పట్టీలు వదులై పీపా కారుతుంది. ఎండాకాలం బండి చక్రం ఎండి పట్టా ఊడొస్తుంటే రైతు దాన్ని నీళ్లలో నానేస్తాడే, కొత్త పీపానూ అలాగే బీరు పోయకముందు వేడినీళ్లతో నానబెడతారు.

ఇవన్నీ మాట్లాడుకున్నాక అల్లుడు పద్ధతి మార్చాడు. చెక్క పనినీ కాలం పనినీ విడదీశాడు. కొత్త స్టౌట్‌ను ముందు చల్లటి బేస్‌మెంట్‌లో గాజు పాత్రలో ఆరు నెలలు ఉంచాడు. తర్వాతే పీపాలో పోసి, రెండు మూడు రోజులకోసారి చెంచాడు రుచి చూశాడు. కావలసినదానికంటే చెక్క ఒక పిసరు ఎక్కువైందనిపించగానే బయటికి తీసి, పక్కన ఉంచుకున్న చెక్క తగలని బీరుతో కలిపాడు. కొబ్బరి, వెనిలా ఉన్నాయట, వగరు వెనక్కి తగ్గిందట. పీపాను ఖాళీగా ఎండనివ్వకుండా, క్రిములు చేరకుండా సిట్రిక్ ఆసిడ్, పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపిన నీళ్లతో నింపి పెట్టాడు.

నింపిన ప్రతిసారీ చెక్కలో సరుకు తగ్గుతుంది. కొన్నిసార్లు వాడాక దాదాపు ఏ రుచీ ఇవ్వదు, అప్పుడు బీరును నెలల తరబడి ఉంచవచ్చు. గాలి మాత్రం ఎప్పటిలాగే వస్తుంటుంది. అందుకని పీపా రెండు మూతలకూ బయటివైపు మైనం పూయమన్నాను. తర్వాత అందులో బ్రెట్టనోమైసిస్ వేస్తానంటున్నాడు.