గిటారు మోగితే ప్రేమ పండినట్టేనా? 18వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రాలపై అపోహలు - వాస్తవాలు

పాశ్చాత్య చిత్రకళ పాఠాలు చెబుతుంటాను. ఫ్రెంచ్ చిత్రకారులు వాటో, బూషే వేసిన బొమ్మలు చూపించగానే "తోటలో పాటలు, సరసాలు... ఇంతేగా మేడమ్?" అంటారు పిల్లలు. ఇంతే కాదు. కాస్త ఆగి చూడాలి.

అపోహ: బొమ్మలో ఎవరో వాయిస్తున్నారంటే ప్రేమ ఫలించినట్టే.

వాటో 1718-20 ప్రాంతంలో వేసిన 'మెజెటిన్' చూడండి. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మెజెటిన్ అంటే ఇటాలియన్ హాస్యనాటకాల్లో వచ్చే సేవకుడు. చారల బట్టలు వేసుకుని, రాతి బెంచీ మీద కూర్చుని, తల పైకెత్తి గిటారు వాయిస్తున్నాడు. వినేవాళ్లెవరూ కనిపించరు. వెనక చెట్ల నీడలో ఒక స్త్రీ శిల్పం ఉంది కానీ, అదీ వీపు తిప్పేసుకుంది! ఇక ఆ చేతులు చూడండి. వేళ్లు గిటారు మెట్ల మీద బిగుసుకుపోయి ఉన్నాయి. ముఖం కంటే ముందు అవే అతని ఆరాటం చెప్పేస్తాయి. ఆ కాలపు బొమ్మల్లో ఇంతకంటే ఒంటరి ప్రేమపాట నాకు కనిపించలేదు.

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న వాటో బొమ్మ 'ప్రేమ సరిగమ'లోనూ గిటారు వాయించేవాడు ఉన్నాడు. కానీ అక్కడ పక్కనే ఒక యువతి స్వరాల పుస్తకం తెరిచి పట్టుకుంది. ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగి ఉన్నారు. వాద్యం అదే, కథ వేరు. అందుకే ముందు వినేవాళ్లను చూడమంటాను.

అపోహ: గొర్రెల కాపరి చేతిలో తిత్తివాద్యం ఉంటే అది పల్లె జీవితమే.

ఆ వాద్యం పేరు మ్యూజెట్. పట్టుగుడ్డ తొడిగిన తిత్తి, దంతపు గొట్టాలు... పేదవాడు కొనగలిగేది కాదు. గాలి నోటితో ఊదక్కర్లేదు, చంక కింద చిన్న కొలిమితిత్తి లాంటిది నొక్కితే చాలు. బుగ్గలు ఉబ్బవు, ముఖం అందం చెడదు. అందుకే దొరలూ దొరసానులూ దాన్ని ముచ్చటపడి నేర్చుకున్నారు.

అపోహ: ఇవన్నీ నిజంగా జరిగిన విందులు, ఎదురుగా కూర్చుని గీసినవి.

కాదు. వాటో మనుషులను ముందుగా నోట్‌బుక్కుల్లో ఎరుపు, నలుపు, తెలుపు చాక్‌లతో గీసి పెట్టుకునేవాడు. బొమ్మ వేసేటప్పుడు అందులోంచి కావలసినవాళ్లను ఏరుకునేవాడు. ఒకే మనిషి రెండు మూడు బొమ్మల్లో కనిపించడం అందుకే.

బూషేకి నాటకశాల కూడా తోడైంది. 1748లో ఆయన వేసిన పిల్లనగ్రోవి పాఠం బొమ్మకు మూలం 1745లో పారిస్‌లో ఆడిన, నాటక రచయిత ఫవార్ మూకాభినయం. ఆ చిత్రంలోని జంట తర్వాత పింగాణీ బొమ్మలుగా కూడా తయారై సంపన్నుల ఇళ్లకు చేరింది.