7.6 కోట్లు 4.8 కోట్లు ఎలా అయ్యాయి?

అమెరికాలో తిండి ద్వారా సోకే జబ్బుల మీద కన్నేసి ఉంచే ఫుడ్‌నెట్‌లో, 2025 జులై నుంచి ఎనిమిది క్రిముల్లో రెండింటిని లెక్కించడమే తప్పనిసరి: సాల్మొనెల్లా, షిగా విషం వదిలే ఈ-కోలి. క్యాంపిలోబ్యాక్టర్, లిస్టీరియా సహా మిగతా ఆరూ రాష్ట్రాల ఇష్టం. జబ్బులెలాగూ తగ్గాయిగా, ఇంత నిఘా ఎందుకని అడిగేవాళ్ళు దొరుకుతూనే ఉంటారు. ఆ 'తగ్గాయి' అన్న మాటకు మూలం 2011లో ఉంది.

1999లో అమెరికా ప్రభుత్వ జబ్బుల నియంత్రణ సంస్థ సీడీసీ పరిశోధకులు ఏటా 7.6 కోట్ల మంది జబ్బుపడుతున్నారని, 5,000 మంది చనిపోతున్నారని లెక్కగట్టారు. 2011లో అదే సంస్థ 4.8 కోట్లు, 3,000 అంది. పన్నెండేళ్ళలో మూడో వంతుకు పైగా మాయం! రెండు లెక్కలనూ పోల్చవద్దని సీడీసీయే చెప్పినా, అంకెలు పక్కపక్కన కనబడితే పోల్చకుండా ఎవరుంటారు?

నిజానికి చాలావరకు మారింది కొలబద్ద. విరేచనాలు లేకుండా వచ్చే వాంతులకు 1999లో దశాబ్దాల నాటి సర్వేలే దిక్కు. 2011 నాటికి ఫుడ్‌నెట్ సొంత ఫోన్ సర్వేలు చేతికొచ్చాయి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ కేసుల్లో తిండి వాటాను 40 శాతం నుంచి 26కు దించారు. విదేశాల్లో అంటించుకొచ్చిన జబ్బుల్ని తీసేశారు. ఇంతా చేస్తే ఆ 4.8 కోట్లలో ఫలానా క్రిమి అని చెప్పగలిగినవి 94 లక్షలే.

కడుపు చెడితే మజ్జిగ తాగి పడుకునేవాళ్ళే ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్ళినా మల పరీక్ష అందరికీ రాయరు. అందుకే ల్యాబ్‌లో తేలిన ఒక్కో సాల్మొనెల్లా కేసును 2011లో సుమారు 29తో హెచ్చవేశారు. 1999లో అది 38. హెచ్చవేత ఎంత పకడ్బందీగా ఉన్నా, హెచ్చవేయడానికి ముందు ఆ ఒక్కటి ఉండాలి. ఫుడ్‌నెట్ సిబ్బంది రిపోర్టు వచ్చేదాకా ఆగరు, ల్యాబ్‌లను వాళ్ళే అడిగి తెలుసుకుంటారు. అదీ కేవలం పది చోట్ల. (అట్లాంటా మనవాళ్ళు ఆ లెక్కలో ఉన్నారు, డాలస్, ఎడిసన్ వాళ్ళు ఎప్పుడూ లేరు.)

నిధులు చాలడం లేదని, ఈ ఆరింటినీ కనిపెట్టడానికి వేరే వ్యవస్థలున్నాయని సీడీసీ వాదన. ఉన్నమాట నిజమే. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం రిపోర్టు తమదాకా వస్తేనే కదులుతాయి.

ఇక తేదీలు చూడండి. 2025 ఏప్రిల్‌లో సీడీసీ కొత్త అంచనా వచ్చింది, 2019 సంవత్సరానికి. సాల్మొనెల్లా 12.8 లక్షలు. క్యాంపిలోబ్యాక్టర్ 18.7 లక్షలు; 2011 లెక్కలో ఇది 8.45 లక్షలే. ఈ పెరుగుదలలోనూ కొలబద్ద మార్పు ఉంది కాబట్టి జబ్బు రెట్టింపైందని నేననను. కానీ బ్యాక్టీరియాల్లో పైవరసన తేలిన పేరది. మూడు నెలలు తిరక్కుండానే తప్పనిసరి జాబితాలోంచి పోయింది.

మేరీల్యాండ్ మాత్రం ఎనిమిదింటినీ లెక్కిస్తూనే ఉంటామంది. మరో రాష్ట్రం మానేస్తే, రేపు మ్యాపులో జబ్బుల రాష్ట్రంగా కనబడేది మేరీల్యాండే.