హీట్ పంప్ బిగించుకునే ముందు: కోరాపుట్ కొండమీద నాకు రోజూ ఎదురయ్యే అపోహలు, అసలు వాస్తవాలు

చలి మొదలైతే చాలు, ఫోనెత్తగానే ఒకటే మాట వినిపిస్తుంది. “లక్ష పోసి కొన్నాం బాబూ, గోరువెచ్చటి నీళ్ళకి కూడా గతి లేదు.” కోరాపుట్, సునాబేడ, సెమిలిగుడ, దామన్‌జోడి... ఈ ఒడిశా కొండమీద ఊరు మారినా మాట మారదు. తీరా వెళ్ళి చూస్తే మిషన్ నిక్షేపంగా ఉంటుంది. వాడే పద్ధతిలోనే తేడా. అమ్మినవాడు చెప్పడు, బిగించినవాడికి తీరిక ఉండదు, మిగతా చదువంతా వాట్సాప్ చెబుతుంది. ఏసీలు, ఫ్రిజ్‌లు, ఇప్పుడు గాలిలోని వేడిని లాగి నీళ్ళు కాచే ఈ హీట్ పంపులు బాగుచేసుకుని బతికేవాణ్ణి కాబట్టి, విని విని విసిగిపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గీజరులాగే స్నానానికి ముందు వేసి, అయ్యాక కట్టేయాలి.

జనాన్ని అన్నిటికంటే ఎక్కువగా ముంచుతున్నది ఇదే, అందుకే ముందు ఇది.

బాత్‌రూంలో ఉండే 15 లీటర్ల గీజరులో 2000 వాట్ల ఎలిమెంట్ ఉంటుంది. పావుగంటలో నీళ్ళు కాగుతాయి. హీట్ పంప్ అలా పనిచేయదు. కంప్రెసర్ తీసుకునే కరెంటు ఏ 600 వాట్లో ఉంటుంది. దానికి గాలిలోంచి లాగిన వేడి కలిసి 1800 వాట్ల దాకా నీళ్ళలోకి వెళ్తుంది. కానీ ట్యాంకు 200 లీటర్లు! 18 డిగ్రీల నీళ్ళు 52కి రావాలంటే సుమారు 8 యూనిట్ల వేడి కావాలి. అంటే నాలుగు గంటల పైమాటే. పొద్దున్న ఐదింటికి స్విచ్ వేసి ఆరింటికి బకెట్ పెడితే నీళ్ళు పెరిగేది ఏడెనిమిది డిగ్రీలు. వెన్ను జిల్లుమంటుంది, మిషన్‌కి తిట్లు పడతాయి.

తిట్లతో పోతే నష్టం లేదు. ఎవరో ఒకరు వచ్చి, “దీంట్లో ఎలిమెంట్ మోడ్ కూడా ఉంది, అది పెట్టండి, తొందరగా వేడెక్కేస్తుంది” అని సలహా ఇస్తారు. నిజమే, చాలా మోడళ్ళలో అత్యవసరానికి ఒక ఎలిమెంట్ ఉంటుంది. దాన్ని రోజూ వాడితే మీరు కొన్నది హీట్ పంప్ కాదు, పదింతల ధర పెట్టిన గీజరు. కంప్రెసర్‌తో రెండున్నర, మూడు యూనిట్లలో అయ్యే పనికి ఎనిమిది యూనిట్లు కాలతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా, రోజుకి 16 రూపాయల దగ్గర 48 పోతాయి.

సునాబేడలో ఒక మాస్టారున్నారు. సొంతూరు సాలూరు వైపు. ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నారు. గదిలోంచి బయటికొస్తే లైటు ఆర్పకుండా రావడం ఆయన జన్మలో ఎరగరు. బిల్లు రెట్టింపు అయ్యేసరికి మీటరు పరిగెడుతోందని కరెంటాఫీసుకి అర్జీ పెట్టారు. నేను వెళ్ళేసరికి డిస్‌ప్లే మీద ఎలిమెంట్ గుర్తు వెలుగుతోంది.

“ఇది ఎవరు పెట్టారండీ మాస్టారూ?”

“మా అల్లుడు. ఏదో వీడియో చూసి పెట్టాడు. అప్పట్నించే కాసిని వేడినీళ్ళు వస్తున్నాయి.”

“మరి కంప్రెసర్ మోడ్‌లో రోజంతా వదిలేసి చూశారా?”

“రోజంతానా! ఇల్లు అమ్ముకోమంటావేంటి?”

ఆయన భయం నాకు అర్థమైంది. రోజంతా స్విచ్ వేసి ఉంచితే రోజంతా కరెంటు కాలుతుందని మనందరికీ నాటుకుపోయింది. ఇక్కడ అలా జరగదు. నీళ్ళు మీరు పెట్టిన డిగ్రీకి రాగానే కంప్రెసర్ తనంతట తనే ఆగుతుంది. ట్యాంకు చుట్టూ వేడి పోకుండా మందంగా పఫ్ (గట్టి నురగ) ఉంటుంది కాబట్టి రాత్రంతా ఉన్నా కొద్ది డిగ్రీలే తగ్గుతుంది. ఆయనకి టైమర్ పెట్టి, పగలు పదకొండు నుంచి మూడు దాకా నడిచేలా చేసి వచ్చాను. నమ్మలేదనుకోండి. ఆ రాత్రి కూడా లేచి స్విచ్ కట్టేశారట. అయినా పొద్దున్నకి నీళ్ళు పొగలు కక్కాయి. అదృష్టం, కాచే పని మధ్యాహ్నమే అయిపోయింది మరి.

మధ్యాహ్నమే ఎందుకంటే, హీట్ పంప్ వేడి లాగేది గాలిలోంచి. మన కొండమీద పుష్యమాసంలో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి దిగే గాలి, మిట్టమధ్యాహ్నానికి ఇరవై దాటుతుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే కరెంటు అంత తక్కువ కాలుతుంది. పెట్టెమీద వేసే సీఓపీ అంకె (ఒక యూనిట్ కరెంటుకి ఎన్ని యూనిట్ల వేడి వస్తుందో చెప్పేది) కూడా ఏదో ఒక గాలి వేడి దగ్గర కొలిచిందే. అది ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో అడక్కుండా కొనొద్దు. డాబామీద సోలార్ ప్యానెళ్ళు ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం టైమర్ ఇంకా కలిసొస్తుంది.

మార్గశిర లక్ష్మివారాలప్పుడు మాత్రం లెక్క వేరు. మనవాళ్ళూ ఒడియావాళ్ళూ కూడా ఇంటిల్లిపాదీ తెల్లారకముందే తలంట్లు పోసుకుంటారు. ఆ ముందు రోజు సాయంత్రం ఇంకో రెండు గంటలు నడపండి. చుట్టాలొచ్చి నీళ్ళు చాలకపోతే అప్పుడు ఎలిమెంట్ వేసుకోండి. అది ఉన్నదే అందుకు.

అపోహ: చలిగాలిలో వేడెక్కడిది? మన సెమిలిగుడ చలికి ఇది పనికిరాదు.

ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెట్టి చూడండి. లోపలి చల్లటి కూరల్లోంచి లాగిన వేడే అక్కడ తగులుతుంది. ఇదీ అదే పని, కాకపోతే లాగేది బయటి గాలిలోంచి, వదిలేది ట్యాంకులోకి. లోపల తిరిగే ఆర్134ఏ గ్యాస్ మామూలు పీడనంలో సున్నాకి 26 డిగ్రీల కిందే మరిగిపోతుంది. దానికి మన ఐదు డిగ్రీల గాలి కూడా వెచ్చనిదే. నార్వేలో సగానికి పైగా ఇళ్ళు ఈ పద్ధతిలోనే వెచ్చబడుతున్నాయి. చలికి పని నెమ్మదిస్తుంది, ఆగిపోదు.

మన దగ్గర చలికన్నా ఇబ్బంది పెట్టేది పొగమంచు. తడిగాలి, మిషన్‌లో గాలి నుంచి వేడి లాగే చల్లటి కాయిల్‌కి తగిలి మంచు పేరుకుంటుంది. అది కరగడానికి మిషన్ డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది. ఫ్యాన్ ఆగి, కాయిల్ వేడెక్కి, తెల్లటి ఆవిరి బుస్సుమని లేస్తుంది. పొట్టంగి దారిలో ఒక పెద్దమ్మ ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, కొడుకు బెంగళూరులో ఉంటాడు. తెల్లారగట్ల ఆ ఆవిరి చూసి ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించేసి, బిందెతో నీళ్ళు పట్టుకుని దూరంగా నిలబడి నాకు ఫోన్ చేసింది. “నాయనా, మిషన్ కాలిపోతంది, నీళ్ళు పోసీనా?” పోయకమ్మా అని ఒకటే అరుపు అరిచాను. ఆవిడ తప్పేం లేదు. బిగించిన రోజునే చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదు. తెల్లగా, వాసన లేకుండా, కాసేపట్లో ఆగిపోతే అది ఆవిరి. కాలిన వాసనొస్తే మాత్రం ఎంసీబీ దించాల్సిందే.

అపోహ: ఎక్కడ జాగా ఉంటే అక్కడ పెట్టేయొచ్చు.

స్టోర్‌రూంలో పెట్టి తలుపు మూసేస్తారు. మిషన్ ఆ గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ పీల్చి చల్లబరుస్తుంది. గది ఫ్రిజ్ అవుతుంది, నీళ్ళు కాగవు. గాలి ధారాళంగా వచ్చి పోయే చోటు కావాలి, పైన రేకు నీడ కావాలి. పడగ్గది కిటికీ కింద వద్దు, ఫ్యాన్ మోత ఉంటుంది. పక్కింటివాళ్ళ కిటికీ కింద అస్సలు వద్దు. డాబామీద పెడితే స్టాండుని కాంక్రీటులోకి బోల్టు వేసి బిగించాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసిన ప్రాంతంలో ఇటుకల మీద నిలబెట్టే ధైర్యం ఎలా వస్తుందో నాకు తెలీదు.

డాబా నుంచి కింది బాత్‌రూంకి వేడినీళ్ళ పైపు సీపీవీసీ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) ఉండాలి, దానికి నల్ల రబ్బరు తొడుగు వేయించాలి. తొడుగు లేని పైపులోనే బోలెడు వేడి పోగొట్టుకుని కంపెనీని తిట్టేవాళ్ళు చాలామంది.

ఇక మిగతావి గబగబా.

ఏటా గ్యాస్ నింపాలంటారు. అక్కర్లేదు. ఫ్రిజ్‌కి ఏటా నింపుతున్నారా? గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకుందని. లీకు పట్టకుండా గ్యాస్ కొట్టేవాడికి డబ్బులివ్వకండి. కింద నీళ్ళు కారుతున్నాయంటే ట్యాంకు పగిలినట్టు కాదు, గాలిలోని తేమ కాయిల్ మీద నీరై దిగుతోంది. కరెంటు పోయి వచ్చాక మిషన్ వెంటనే లేవకపోతే కంగారు పడొద్దు, కంప్రెసర్ మూడు నిమిషాలాగి మొదలవుతుంది. బటన్లు నొక్కీ నొక్కీ బోర్డు పాడుచేయకండి. గ్లాస్ లైనింగ్ ఉన్న ట్యాంకులో యానోడ్ రాడ్ (ట్యాంకుకి బదులు తను అరిగిపోయే కడ్డీ) ఏడాదికోసారి విప్పి చూడాలి. బోరునీళ్ళకి అది తొందరగా అరిగిపోతుంది, అరిగాక తుప్పు ట్యాంకుని తింటుంది. ఇక పీఎం సూర్యఘర్‌లో హీట్ పంప్‌కి సబ్సిడీ వస్తుందని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వొద్దు. 2024లో వచ్చిన ఆ పథకం డాబామీద కరెంటు పుట్టించే ప్యానెళ్ళకి, 3 కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా ఇచ్చేది. నీళ్ళ మిషన్‌కి కాదు.

హాట్ అండ్ కోల్డ్ ఏసీ కూడా హీట్ పంపే. మామూలు ఏసీకి రిమోట్ మారిస్తే వేడి గాలి రాదు. లోపల గ్యాస్ తిరిగే దారిని తిప్పే రివర్సింగ్ వాల్వు ఉండాలి.

అపోహ: ఎవరు కొన్నా లాభమే, బిల్లు మూడోవంతుకి దిగుతుంది.

మూడోవంతు అయ్యేది నీళ్ళు కాచే ఖర్చు, ఇంటి బిల్లంతా కాదు. పైన చెప్పిన లెక్క ప్రకారం 200 లీటర్లు రోజూ వాడే ఇంటికి నెలకి తొమ్మిది వందల దాకా మిగులుతుంది. కొండమీద వానాకాలం కూడా వేడినీళ్ళే కావాలి కాబట్టి ఆరేడుగురున్న ఇంటికి మెల్లగా గిట్టుతుంది. లాడ్జీలకీ హాస్టళ్ళకీ ఇంకా తొందరగా గిట్టుతుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉండి రోజూ రెండు బకెట్లు వాడేవాళ్ళకి నేను వద్దనే చెబుతాను. ఘాట్ కింద, మల్కన్‌గిరిలోనో రాయగడలోనో చలి ఉండేదే రెండు నెలలు. అక్కడ మంచి గీజరు చాలు. ఇలా చెప్పి బేరాలు పోగొట్టుకుంటానని మా బావమరిది పోరుతుంటాడు.

కొనాలని తేల్చుకున్నాక డబ్బు కట్టకముందు ఎర్తింగ్ చూపించుకోండి. సాయంత్రం లోవోల్టేజీ ఉన్న ఊళ్ళో స్టెబిలైజర్ కూడా కావాలి, కానీ అది తర్వాత కొనొచ్చు. ఎర్తింగ్ లేని ఇంట్లో మాత్రం నేను పెట్టె కూడా విప్పను. పాత ఇళ్ళలో మూడో పిన్‌కి వైరే ఉండదు, ప్లగ్గు మాత్రం మూడు కాళ్ళతో దర్జాగా ఉంటుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గూ వేయించి, మీటరుతో కొలిపించి, అప్పుడు నాకు ఫోన్ చేయండి.