పాత కౌబాయ్ సీరియళ్లలో పేకాట మోసం: అపోహలు – వాస్తవాలు

పేకముక్కలతో ఇంద్రజాలం చేయడం నా వృత్తి. ప్రదర్శన అయ్యాక ఎవరో ఒకరు నా చొక్కా చేతులు తడిమి చూడకుండా వదలరు. ఈ అనుమానాన్ని మనకు నేర్పినవి చాలావరకు పాత అమెరికన్ కౌబాయ్ కథలే. వాటిలో 1957 నుంచి 1962 వరకు ఏబీసీ చానల్లో వచ్చిన ‘మావెరిక్’ అంటే నాకు ప్రాణం. జేమ్స్ గార్నర్, జాక్ కెల్లీ అందులో పేకాటరాయుళ్లైన అన్నదమ్ములు. అయితే ఈ కోవ కథలు మోసాన్ని ఎంత రక్తి కట్టించాయో, అసలు మోసం జరిగే చోటు నుంచి మన చూపును అంత పక్కకు మళ్లించాయి.

అపోహ: మోసగాడు కోటు చేతిలోంచి ఐదో ఆసు తీస్తాడు.

వాస్తవం: ఇస్పేటు ఆసు ఇద్దరి దగ్గర పడితే ఆట అక్కడే ఆగిపోతుంది. ఆరితేరినవాడు బయటి ముక్క తేడు. ఆడుతున్న పేకలోంచే మంచి ముక్కను తప్పించి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటాడు. ఇందుకు యంత్రాలే ఉండేవి. 1888లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కెప్లింగర్ అనే జూదరి దగ్గర బయటపడినది వాటిలో పేరుమోసింది. బట్టల లోపల మోకాళ్ల నుంచి ముంజేతి దాకా దారం నడుస్తుంది. మోకాళ్లు ఎడం చేస్తే కోటు చేతిలోంచి పట్టుకారులాంటిది ముందుకు వస్తుంది, దగ్గర చేస్తే ముక్కతో సహా లోపలికి పోతుంది. తోటి ఆటగాళ్లు అతణ్ని పట్టుకుని సోదా చేశారట. వాళ్లూ మోసగాళ్లే కాబట్టి, తమకూ అలాంటివి చేసిపెట్టమన్నారని చెబుతారు.

అపోహ: అంతా చేతివేగంలోనే ఉంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. గబుక్కున కదిలే చేయి ఎవరి కంటికైనా ఆనుతుంది. మోసగాడికి కావలసింది లయ. పై ముక్కను అట్టిపెట్టి రెండో ముక్క పంచే పద్ధతి చూడండి. ఎడమచేతి బొటనవేలు పై ముక్కను వెంట్రుకవాసి పక్కకు జరుపుతుంది. కుడిచేయి దాన్ని తీస్తున్నట్టే వచ్చి దాని కిందున్న రెండో ముక్కను లాగుతుంది. ఆ క్షణంలోనే బొటనవేలు పై ముక్కను వెనక్కి సర్దేస్తుంది. మామూలుగా పంచేటప్పుడు చేతులు ఎంత తీరిగ్గా ఉంటాయో ఇప్పుడూ అంతే తీరిగ్గా ఉండాలి. దీనికి ఏళ్ల సాధన కావాలి. అంత చేసినా, కంటిని దాటినంత సులువుగా చెవిని దాటలేం. రెండు ముక్కల మధ్య నుంచి వచ్చే ముక్క రెండు పక్కలా రాసుకుంటుంది, దాని చప్పుడు కాస్త గరుకుగా ఉంటుంది. అందుకే నేను కళ్లు మూసుకుని సాధన చేస్తాను.

అపోహ: మోసగాడు ఒంటరివాడు.

వాస్తవం: తెర మీద నల్లకోటు వేసుకుని ఒక్కడే వస్తాడు. నిజంలో అతనికి జతగాడు ఉంటాడు. పంచేవాడు మంచి ముక్కలు తనకు వేసుకోడు. బల్లకు అవతల, ముక్కూ మొహం తెలియనట్టు కూర్చున్న జతగాడికి వేస్తాడు. అందరూ గెలిచినవాడి చేతులను అనుమానిస్తారు, ఆ చేతులేమో పేకను కలపనే లేదు. ఒక్కోసారి జతగాడి పని కోత మాత్రమే. కాస్త వంచి ఉంచిన ముక్క దగ్గర సరిగ్గా కోస్తే చాలు. అందుకే పంచేటప్పటి కంటే పేక కోసేటప్పుడే బాగా గమనించమంటాను.

ఇక గుర్తులు వేసిన పేకల సంగతి. అవి రహస్య విద్యేమీ కాదు. 19వ శతాబ్దపు అమెరికాలో వాటిని కేటలాగులు వేసి మరీ అమ్మేవారు.

అపోహ: సెలూన్లలో, అంటే ఆనాటి సారా కొట్లలో, ఆడిందంతా పోకరే.

వాస్తవం: ఆ కాలంలో రాజ్యమేలిన ఆట ఫేరో. కౌబాయ్ కథల్లో తరచూ కనిపించే నిజజీవిత తుపాకీవీరులు వ్యాట్ అర్ప్, డాక్ హాలిడే ఇద్దరూ ఫేరో బల్లల దగ్గర ముక్కలు పంచినవారే. మన ‘లోపల–బయట’ తెలిసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. పెట్టెలోంచి ముక్కలు జంటలుగా వస్తాయి. మొదటి దాని మీద కట్టిన పందెం పోతుంది, రెండో దాని మీద కట్టింది గెలుస్తుంది. రెండూ ఒకే విలువైతే పందెంలో సగం ఆడించేవాడిది. నిజాయితీగా ఆడిస్తే అతనికి మిగిలేది బహు తక్కువ. ఒకేసారి రెండు ముక్కలు జారే దొంగ పెట్టెలు పుట్టింది అందుకే. పోకర్‌లో మనుషులు ముఖాముఖి తలపడతారు కాబట్టి కథకులు దాన్నే ఎంచుకున్నారని నా అభిప్రాయం.

అపోహ: మావెరిక్ 25 ముక్కల పందెం మోసం.

వాస్తవం: 1958 జనవరిలో వచ్చిన ‘రోప్ ఆఫ్ కార్డ్స్’ భాగంలోది ఈ పందెం. బాగా కలిపిన పేకలోంచి ఏవైనా 25 ముక్కలు తీసి, వాటిని ఐదేసి చొప్పున ఐదు సెట్లుగా పేర్చాలి. ప్రతి సెట్టూ స్ట్రెయిట్ (వరుస విలువలవి ఐదు), ఫ్లష్, ఫుల్ హౌస్ (ఒకే విలువవి మూడు, మరో విలువవి రెండు) లాంటిదే కావాలి. వినగానే అసాధ్యం అనిపిస్తుంది, నిజానికి దాదాపు 98 శాతం సార్లు కుదురుతుంది. ఒకే గుర్తువి, అంటే అన్నీ ఇస్పేట్లో అన్నీ ఆఠీన్లో, ఐదు చేరితే ఫ్లష్. అలా కట్టగా ఒక్కో గుర్తులో మిగిలేవి నాలుగుకు మించవు, అంటే మొత్తం 16కు మించవు. కాబట్టి ఎలాంటి ముక్కలు వచ్చినా కనీసం రెండు ఫ్లష్‌లు ఖాయం. గుర్తులవారీగా 8, 7, 6, 4 పడ్డాయనుకోండి, మూడు ఫ్లష్‌లు చేతికొచ్చినట్టే. మిగిలిన పదింటితో రెండు సెట్లు చేయాలి. అక్కడ చిక్కుపడితే ఫ్లష్‌లలోని ముక్కలను అదే గుర్తున్న మిగులు ముక్కలతో మార్చి చూడండి, ఎనిమిదింట్లో ఏ ఐదు వాడాలన్నది మీ ఇష్టమే కదా.